డేరా వేశారంట... పోదామా వదినా?

సర్కస్ అనగానే మీకు ముందు ఏం గుర్తొస్తుంది? ఏనుగు స్టూలు మీద కూర్చోవడమా, ఉయ్యాల మీంచి ఉయ్యాల మీదికి దూకే అమ్మాయిలా, లేక ఎర్ర ముక్కు బఫూనా? మా పిల్లల్ని అడిగితే "ఫోన్‌లో చూశాం కదమ్మా" అని తేల్చేస్తారు. నాకైతే ముందు గుర్తొచ్చేది డేరా. అవునండీ, లోపల ఆడిన ఆటలు సగం మరిచిపోయాను గానీ ఆ డేరాను మాత్రం మరిచిపోలేదు.

నలభై దాటిన ఇల్లాలికి డేరాతో ఏం పని అనుకుంటున్నారు కదూ? పని ఉంది. ఈసారి సంక్రాంతికి మా కాసిపేటలో ఆడవాళ్లమంతా కలిసి ఓ సాయంత్రం పాటలు, కథలు, కోలాటం పెట్టుకుందామనుకున్నాం. ఫంక్షన్ హాల్లోనా, డేరా వేసుకొనా అని మా లైన్‌లో పది రోజులు చర్చ నడిచింది. నేను డేరా పక్షం. ఎందుకో చెబుతాను, విని మీరే తీర్పు ఇవ్వండి.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. కాసిపేట ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉంది, 2016కు ముందు ఆదిలాబాద్ జిల్లా. ఒకవైపు సింగరేణి బొగ్గు బావులు, ఇంకోవైపు దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ, మధ్యలో గూడేలు, అడవి. ఇక్కడ ఇంటి గడియారం గోడ మీద ఉండదు, షిఫ్టులో ఉంటుంది. మగమనిషి నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే ఇల్లంతా పిల్లి నడకే. కుక్కర్ రెండో విజిల్ వేయకముందే స్టవ్ కట్టేస్తాం. పిల్లలు ఆడుకోవడానికి బయటికి పోవాల్సిందే. ఈ సంగతి బొగ్గుబాయి ఇళ్లల్లో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మిగతా అక్కచెల్లెళ్ల కోసం చెబుతున్నాను.

ఇలాంటి చోట మగవాళ్లు కూర్చోవడానికి చోట్లు బోలెడు. యూనియన్ ఆఫీసు ఉంది, హోటల్ ముందు బల్లలున్నాయి, కల్లు దుకాణం సరే సరి. ఆఫీసర్లకైతే క్లబ్బు. మరి ఆడవాళ్లకు? నల్లా దగ్గర నిలబడి మాట్లాడుకోవడమే. గుడికి పోతే దండం పెట్టుకొని రావాలి. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం లోకమంతా మాదే. మిగతా ఏడాదంతా ఎవరి గడప వాళ్లదే.

నేను పుట్టి పెరిగింది బెల్లంపల్లిలో. ఇప్పుడు అక్కడి బావులు చాలా మూతపడ్డాయి గానీ, మా చిన్నప్పుడు ఊరు కళకళలాడుతుండేది. రెండు మూడేళ్లకోసారి సర్కస్ వచ్చేది. ముందు రిక్షాలో మైకు, గులాబీ రంగు కాగితాలు. ఆ కాగితాల కోసం రిక్షా వెంట పరుగెత్తి మోకాళ్లు చెక్కించుకోని పిల్ల మా వీధిలో లేదు. రాత్రయితే డేరా మీంచి పెద్ద లైటు ఆకాశంలో గిరగిరా తిరుగుతుండేది. అది చూసి పక్క పల్లెల వాళ్లు బండ్లు కట్టుకొని వచ్చేవారు.

డేరా వేయడం చూడటం మాకు సర్కస్ కన్నా పెద్ద సర్కస్! మనుషులు గుండ్రంగా నిలబడి ఇనుప మేకుల మీద ఒకరి తర్వాత ఒకరు సమ్మెట దెబ్బలు వేస్తుంటే, ఒక్క దెబ్బా తప్పేది కాదు. నడిమధ్య పెద్ద స్తంభాలు నిలబెడతారు. వాటి చుట్టూ ఏటవాలుగా మరికొన్ని స్తంభాలు, అంచున చిన్నవి. గుడ్డనంతా నేల మీద పరిచి, ముక్కకు ముక్క తాళ్లతో అల్లి, కప్పీల మీద పైకి లాగుతారు. పొద్దున ఉత్త మైదానం, సాయంత్రానికి కొండంత ఇల్లు. మా నాన్న అది చూసి, "బాయిల కప్పు కూలకుండ మేం ఆదరువులు పెడ్తం. ఈళ్లేమో కప్పునే తాళ్లతోని గుంజి నిలబెట్టిండ్రు" అనేవారు. పైకప్పు ఎప్పుడు ఎలా ఉంటుందో చూసుకోవడం ఆయన పని మరి. డేరా కింద కూర్చున్నా ఆయన కళ్లు పైకే ఉండేవి.

సర్కస్ వాళ్లకు మా ఊళ్లో ఓ చిక్కు ఉండేది. జీతాలు పడిన వారం డేరా కిటకిట, నెలాఖరు వచ్చేసరికి బల్లలన్నీ ఖాళీ. ఒకసారి అలా ఖాళీగా ఉన్న రోజుల్లో మేనేజరు ఓ రాత్రి డేరాను ఊరివాళ్లకు ఇచ్చాడు. మా వాడ పెద్దలు అందులో ఒగ్గుకథ పెట్టించారు. ఎల్లమ్మ కథ. ఒగ్గుకథ చుట్టూ జనం కూర్చుంటేనే అందం. స్టేజీ ఎక్కిస్తే సగం కళ పోతుంది. సర్కస్ రింగు దానికోసమే చేసినట్టు కుదిరింది. డోలు దెబ్బ పడగానే ఆ శబ్దం డేరా కప్పుకు తగిలి మళ్లీ మన గుండెల మీద పడేది.

అసలు సంగతి అది కాదు. సర్కస్‌కు పోతే మాకు ఎప్పుడూ గ్యాలరీయే, చెక్కబల్లల మీద. రింగు పక్కన కుర్చీలు ఆఫీసర్ల కుటుంబాలకు, షావుకార్లకు. ఆ రాత్రి టికెట్టు లేదు కదా, ముందొచ్చిన వాళ్లకు ముందు కుర్చీ. మా అమ్మ జీవితంలో మొదటిసారి రింగు పక్కన కుర్చీలో కూర్చుంది. కొంచెంసేపటికి బంగళాల వైపు నుంచి ఒకావిడ వచ్చి పక్కనే కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక ఇద్దరూ మా అమ్మ చీరకొంగు ముడిలోని ఆకూ వక్కా పంచుకున్నారు. తెల్లవారి ఇంటికొచ్చాక అమ్మ అన్న మాట ఇదీ: "కుర్సీల కూసుంటే కత గింత దగ్గెర కనబడ్తదా!"

ఆ తర్వాత కూడా అమ్మ ఎన్నో చూసింది. ఆ ఒక్క రాత్రినే చెప్పుకునేది.

మన తెలుగువాళ్లకు సర్కస్ కొత్తదేమీ కాదు. మన దేశంలో మొదటి సర్కస్ కంపెనీ విష్ణుపంత్ ఛత్రే గారిది, 1880లో బొంబాయిలో మొదటి ఆట ఆడారు. తర్వాత కేరళలోని తలశ్శేరి సర్కస్‌కు పుట్టిల్లయింది. మన వైపు కోడి రామమూర్తి నాయుడు గారు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, ఆ తర్వాత సొంత సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారట! కలియుగ భీముడని పేరు. 1942లో పోయారు. ఆ రోజుల్లో పల్లె జనానికి ఒక డేరా కింద వేలమంది కలిసి కూర్చోవడమే ఒక వింత. సినిమా కూడా మొదట మనకు డేరాలోనే వచ్చింది. రఘుపతి వెంకయ్య గారు 1910 తర్వాత బొమ్మల మిషను పట్టుకొని ఊరూరా తిరిగి గుడారాల్లోనే చూపించారు. ఆ తర్వాత టూరింగ్ టాకీసులు. మిషను ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా విరామం. ఆ విరామంలో పల్లీల వాడు, పసిపిల్లల ఏడుపు, ఆడవాళ్ల వైపు కట్టిన తాడు... మీ అమ్మల నడిగితే చెబుతారు.

ఇప్పుడు సర్కసులు బాగా తగ్గిపోయాయి. సింహాలు, పులులు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలు ఆడించరాదని 1998లో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. సర్కస్‌లో చిన్నపిల్లలతో పని చేయించరాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ మంచివే. ఆ మూగజీవాల బాధ చూసి, ఆ చిన్నారుల వంగిన నడుములు చూసి చప్పట్లు కొట్టిన రోజులు తలచుకుంటే నాకైతే ఇప్పుడు మనసు ఒప్పదు. పోతే పోనివ్వండి ఆ ఆటలు. నాకు బెంగ డేరా గురించే!

డేరా బతుకంటే ఏమిటో నాకు తెలిసింది సురభి వాళ్లను చూశాక. హైదరాబాదులో మా ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడు పబ్లిక్ గార్డెన్స్‌లో వాళ్ల 'మాయాబజార్' నాటకం చూశాం. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు, జిలేబీలు వాటంతట అవే గాల్లో ఎగిరి నోట్లో పడుతుంటే మా చిన్నది నా ఒళ్లోంచి లేచి నిలబడింది. బాణానికి బాణం తగిలి నిప్పులు కురిశాయి. నారదుడు ఆకాశంలోంచి దిగాడు. ఏ కంప్యూటరూ లేదు. తాళ్లు, తీగెలు, రంగుల తెరలు, వెనక నిలబడి సమయానికి లాగే చేతులు, అంతే!

పిల్లకు నీళ్ల కోసం వెనక్కి పోతే అక్కడ ఇంకో నాటకం. ఒకావిడ ముఖానికి రంగు, తలకు కిరీటం, చేతిలో చంటిపిల్ల! పక్కనే ఒక ముసలమ్మ కూరగాయలు తరుగుతోంది. "ఎట్లా అక్కా, పిల్లను పెట్టుకొని వేషం?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "మేమూ ఇట్లా పెరిగినవాళ్లమే అమ్మా. నా సీను అయ్యేదాకా ఈవిడ ఎత్తుకుంటుంది. ఈవిడ సీను వచ్చినప్పుడు నేను ఎత్తుకుంటాను" అంది. ముసలమ్మకూ సీను ఉందన్నమాట! కాసేపటికి చూస్తే ఆవిడే స్టేజీ మీద పెద్దావిడ వేషంలో ఉంది. ఆ చేతికి ఇంకా కూరగాయల తడి ఆరి ఉండదు అనుకున్నాను.

ఇది ఒకరి కథ కాదు, సురభి కుటుంబాల పద్ధతే ఇది. వాళ్ల పెద్దలు తోలుబొమ్మలు ఆడించేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం మొదటిసారి బొమ్మల బదులు తామే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడింది. ఆ ఊరి పేరే వాళ్ల పేరయింది. ఆ రోజుల్లో నాటకాల్లో ద్రౌపది, సీత, సత్యభామ వేషాలు మగవాళ్లే మీసాలు తీసేసి వేసేవారు. వీళ్లు మాత్రం ఆడవేషాలు ఇంటి ఆడవాళ్లకే ఇచ్చారు. ఆడది గడప దాటితే నోళ్లు నొక్కుకునే కాలంలో అది ఎంత గుండె ధైర్యమో ఆలోచించండి. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అందులో లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి గారు ఆ కుటుంబాల ఆడపడుచే. వాళ్లమ్మ నాటకం ఆడుతుండగా నొప్పులొచ్చి స్టేజీ మీదే ఆవిడ పుట్టారనీ, చూసేవాళ్లు అది కూడా నాటకమే అనుకొని చప్పట్లు కొట్టారనీ చెప్పుకుంటారు. చప్పట్ల సంగతి సరే, ఆ తల్లి పరిస్థితి తలచుకుంటే మనబోటి వాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

ఒకప్పుడు పదుల సంఖ్యలో సురభి సమాజాలు ఊరూరా తిరిగేవి. రేకులు, వెదుళ్లు, తాటాకులతో తమ హాలు తామే కట్టుకునేవారు. నెలల తరబడి ఒకే ఊళ్లో రోజుకో నాటకం. నాటకశాల చుట్టూనే వాళ్ల గుడిసెలు, పొయ్యిలు, ఉయ్యాలలు. పిల్ల పుడితే చిన్నికృష్ణుడు, కాస్త పెరిగితే ప్రహ్లాదుడు, వయసొస్తే శశిరేఖ, పిల్లల తల్లయితే యశోద. అదీ కాదంటే తెర లాగడం, హార్మోనియం, వంట. ఖాళీగా కూర్చునే మనిషి లేరు, 'నీకేం రాదులే' అని పక్కన పెట్టిన ముసలమ్మా లేదు. మన ఇళ్లలో అత్తగారికి డెబ్బై దాటితే ఒక కుర్చీ, ఒక టీవీ ఇచ్చి మర్యాద చేశామనుకుంటాం!

తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, సమాజాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 1937లో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నిలబెట్టిన రేకందార్ నాగేశ్వరరావు గారు, అందరూ సురభి బాబ్జీ అనేవారు, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడు వాళ్లు ఫ్రాన్స్ దేశంలోని మెట్జ్ నగరానికి పోయి నాటకాలు ఆడి వచ్చారు. భాష తెలియని వాళ్లు కూడా మన తెలుగు నాటకం చూశారంటే సంతోషం కాదూ? బాబ్జీ గారు 2022లో కన్నుమూశారు.

సముద్రాల అవతల మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. జర్మనీలో బెర్లిన్ నగరంలో ఇరెనె మోసింగర్ అని ఒక నర్సు ఉండేది. తండ్రి ఆస్తి ఆవిడకు కలిసొచ్చింది. మనమైతే ఏం చేస్తాం? ఇల్లు కొంటాం, నగలు చేయించుకుంటాం, పిల్లల పేర బ్యాంకులో వేస్తాం. ఆవిడ ఏం కొన్నదో తెలుసా, ఒక సర్కస్ డేరా! 1980లో బెర్లిన్ గోడ పక్కన పాడుబడిన మైదానంలో వేసి 'టెంపోడ్రోమ్' అని పేరు పెట్టింది. సర్కస్‌తో పాటు పాటలు, నాటకాలు, పిల్లల ఆటలు, అన్నీ అందులోనే. కొన్నేళ్లకు ఆ చోటు మారింది. ఆ తర్వాత ప్రభుత్వ భవనాలు వస్తున్నాయని అక్కడినుంచీ లేవాల్సి వచ్చింది. 2001లో పక్కా హాలు కట్టారు. దాని పైకప్పు ఇప్పటికీ డేరా ఆకారంలోనే ఉంటుంది, కాకపోతే కాంక్రీటుది. ఖర్చు అనుకున్నదానికన్నా చాలా పెరిగి చివరికి అది ఆవిడ చేతిలోంచి జారిపోయింది. గుడ్డతో ఉన్నన్నాళ్లు ఆవిడది, సిమెంటు అయ్యాక పరాయిది! మా ఇంటాయనతో చెబితే, "దేవాపూర్ సిమెంటు కాదుగదా" అని నవ్వారు.

నా మాట ఇప్పుడు మీకు అర్థమైందనుకుంటాను. ఫంక్షన్ హాలు మంచిదే, కాదనను. ఏసీ ఉంటుంది, బాత్రూములుంటాయి. ఆడవాళ్లకు బాత్రూము ఎంత ముఖ్యమో నాకు తెలియదా! కానీ హాలుకు గేటుంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. లోపలికి రావాలంటే పిలుపు ఉండాలి, ఒంటిమీద కాస్త మంచి చీర ఉండాలి. రోజంతా సిమెంటు బస్తాల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి ఆ పాలరాతి మెట్లు ఎక్కుతుందా? గూడెం నుంచి కట్టెలమోపు దించుకొని ఇంటికి పోతున్న అమ్మ ఆగి తొంగి చూస్తుందా? డేరాకు గోడ లేదు. దారిన పోయేవాళ్లు పాట వినబడితే ఆగుతారు. ఒకడుగు లోపలికేస్తారు. ఇంకాసేపటికి కూర్చుంటారు. ఎవరూ 'మీరెవరు' అని అడగరు.

మా లైన్‌లో ఒక కోడలు పిల్ల, డిగ్రీ చదివింది, "ఆంటీ, మనం పాడితే మైదానంలో మగవాళ్లంతా చూస్తారు కదా" అంది. ఆ భయం నాకూ తెలుసు. దానికి మా అత్తమ్మే జవాబు చెప్పింది: "బతుకమ్మ ఆడినప్పుడు సూస్తలేరా బిడ్డా? సూడనీ. మనం మంచిగ పాడకపోతే గద సిగ్గు!" ఆ పిల్ల ఇంకేం అనలేదు. మర్నాడు వచ్చి పాట నేర్పించమని అడిగింది.

అయితే డేరా అంటే నాకు ఒక్క భయం ఉంది, దాన్ని దాచను. నిప్పు. బొగ్గుబాయి ఇంట్లో గ్యాసు అంటే వంటగ్యాసు ఒక్కటే కాదు. బాయిలో గ్యాసు మాట వింటేనే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది మాకు.

సింగరేణి దినోత్సవం డిసెంబర్ 23న జరుపుకుంటాం, 1920లో కంపెనీకి ఆ పేరు వచ్చిన రోజు. స్టాళ్లు, ఆటపాటలు, పిల్లల డ్యాన్సులు. అదే డిసెంబర్ 23న, 1995లో, హర్యానాలోని డబ్వాలీ అనే ఊళ్లో ఒక స్కూలు వార్షికోత్సవం జరిగింది. షామియానా కింద పిల్లలు ఆడుతున్నారు, తల్లులు ముందు కూర్చుని చూస్తున్నారు. గుడ్డకు నిప్పంటుకుంది. అది నూలు గుడ్డ కాదు, సింథటిక్. కాలుతూ కరిగి మనుషుల మీద పడింది. బయటికి పోవడానికి దారి ఒక్కటే. 400 మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్లు. 1981 ఫిబ్రవరిలో బెంగుళూరులో సర్కస్ డేరా కాలినప్పుడు కూడా 90 మందికి పైగా పోయారు, వాళ్లలోనూ పసివాళ్లే ఎక్కువ. అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్‌లో 1944లో ఇంకా ఘోరం. వాన నీరు దిగకుండా డేరా గుడ్డకు పెట్రోలులో కరిగించిన మైనం పూశారట! జంతువులను రింగులోకి తెచ్చే ఇనుప దారి జనం పోయే దారికి అడ్డం పడి, అక్కడే ఎంతోమంది చిక్కుకుపోయారు. 160 మందికి పైగా చనిపోయారు.

ఇవన్నీ పండగ పూట ఎందుకు చెబుతున్నావంటారా? మనమే కదండీ పిల్లల్ని ముస్తాబు చేసి ముందు వరుసలో కూర్చోబెట్టేది!

అందుకే టెంట్ హౌస్ ఆయన దగ్గరికి మా ఇంటాయనను పంపకుండా మేం నలుగురు ఆడవాళ్లమే పోయాం. "సింథటిక్ వద్దు అన్నా, మందపాటి నూలు గుడ్డ ఇయ్యి" అంటే, "గది పాతది అక్కా, రంగు పోయింది, ఫోటోలల్ల మంచిగ రాదు" అన్నాడు. రంగు పోయినా పర్లేదన్నాం. మూలమూలన వేలాడే ఆ తెల్ల గుడ్డలు, ప్లాస్టిక్ పూల తోరణాలు వద్దన్నాం. హాలోజన్ లైట్లు గుడ్డకు ఆనకుండా దూరంగా ఇనుప స్తంభానికి కట్టమన్నాం. అవి ఎంత వేడెక్కుతాయో ఓసారి దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. అతుకుల వైర్లు వద్దన్నాం. టీ పొయ్యి, మిర్చీల మూకుడు డేరాకు బాగా దూరంగా, గాలి ఎదురుగా రాని వైపు. జనరేటర్ కూడా అటే. నాలుగు మూలలా ఇసుక బకెట్లు, నీళ్ల డ్రమ్ము. మిర్చీ బండి మేం పిలిచిన మనిషిదే కాబట్టి దూరం పొమ్మంటే పోయింది, లేకపోతే అదో తగాదా.

ఇక దారులు. ఒక్క దారి కాదు, నాలుగు వైపులా విడిచిపెట్టమన్నాం. ఆయన తల గోక్కొని, "నాలుగు దిక్కుల ఇడిస్తే చలి కొడ్తది గద అక్కా" అన్నాడు. నిజమే, జనవరిలో మా అడవి వైపు చలి మామూలుగా ఉండదు. శాలువాలు కప్పుకొని రమ్మని అందరికీ చెబుతామన్నాం. మా ఇంటాయన బాయిలో దారుల లెక్క చూసే మనిషి కదా, పొద్దున్నే టేపు పట్టుకొని వచ్చి నాలుగు దారులూ కొలిచి చూసి, ఒకటి ఇరుకుగా ఉందని తాడు విప్పించి మళ్లీ కట్టించారు.

కార్యక్రమం రోజు సాయంత్రం అందరికన్నా ముందు వచ్చింది మా అత్తమ్మే. తన కుర్చీ తానే మోసుకొచ్చి, గాలి బాగా తగులుతుందని సరిగ్గా తూర్పు దారి మధ్యలో వేసుకొని కూర్చుంది. "అత్తమ్మా, అది దారి" అన్నాను. "నేను సన్నగనే ఉన్న గద, నా పక్క కెల్లి పోతరు" అంది. కాదూ కూడదని నేనూ, ఆ డిగ్రీ చదివిన కోడలు పిల్లా కలిసి ఆవిడను కుర్చీతో సహా ఎత్తి రింగు దగ్గరికి, ముందు వరుసలోకి తెచ్చి దించాం. "గింత ముందటనా!" అని కాసేపు గులిగింది. కోలాటం మొదలయ్యేసరికి చేతులు ఆగలేదు, పక్కనున్న పిల్ల దగ్గర కర్రలు లాక్కుంది.